నడుం నొప్పి ఉన్నవాళ్ళు తూలకుండా నిలబడటం ఎలా? ఇంట్లోనే చేసుకునే సాధన

పొద్దున ప్యాంటు వేసుకునేటప్పుడు మీ చెయ్యి మీకు తెలియకుండానే గోడ మీదికో బీరువా మీదికో పోతోందా? చీర కుచ్చిళ్ళు సర్దుకోవడానికి వంగితే ముందుకి తూలినట్టు అవుతోందా? రాత్రి లైటు వెయ్యకుండా బాత్రూంకి వెళ్ళాలంటే గోడ తడుముకుంటూ నడుస్తున్నారా? నడుం నొప్పి మూడు నెలలు దాటి ఉండి, దాంతోపాటు ఇవి కూడా ఉంటే, ఆ రెండిటికీ సంబంధం ఉండొచ్చు. చాలామంది వయసు మీద పడిందనో ఒంట్లో బలం లేదనో అనుకుని వదిలేస్తారు. నేనూ ఆరేళ్ళు అలాగే వదిలేశాను, అందుకే ఇది రాస్తున్నాను.

నేను రోజూ ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి ఆఫీసుకి వెళ్తాను. ఒకరోజు స్టేషన్ వస్తుండగా బండి బ్రేకు వేసింది. నా ఎదురుగా ఒక కాలేజీ అమ్మాయి వీపు మీద పెద్ద బ్యాగుతో, ఏమీ పట్టుకోకుండా ఫోన్ చూసుకుంటోంది, కొంచెం వంగి మళ్ళీ మామూలుగా నిలబడింది. నేనేమో రెండు చేతులతో కడ్డీ పట్టుకుని ఉండి కూడా ఒక అడుగు ముందుకి పడ్డాను, ఆ కుదుపుకి నడుం పట్టేసి ఆ వారమంతా సెలవు పెట్టాల్సి వచ్చింది. ఆ విషయం ఫిజియో మేడంకి చెప్తే ఆవిడ నడుము చూడలేదు, చెప్పులు విప్పించి నా పాదాలు చూశారు. రెండు పాదాలూ దగ్గరగా పెట్టి కళ్ళు మూసుకోమన్నారు. మూసుకున్న మూడు నాలుగు సెకన్లకే నా కాలివేళ్ళు పది నేలని గోళ్ళతో పట్టుకున్నట్టు ముడుచుకున్నాయి, గోళ్ళ కింద రక్తం పోయి తెల్లబడ్డాయి, పిక్కలు రాయిలా బిగిశాయి. ఊపిరి కూడా ఆపేశానని ఆవిడ చెప్పేదాకా నాకు తెలియదు. అప్పటిదాకా నేను నడుముకి బెల్టు కట్టి, ఆయింట్‌మెంట్ రాసి, వేడి నీళ్ళ కాపడం పెట్టి ఎంతో జాగ్రత్తగా చూసుకుంటున్నాననుకున్నాను.

అసలు లోపల ఏం జరుగుతోంది

ఇది కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే కారణం తెలియకుండా చేస్తే ఈ సాధన పిల్లల ఆటలా అనిపించి నాలుగో రోజుకి మానేస్తారు.

నిలబడ్డప్పుడు మనం కదలకుండా ఉన్నామనుకుంటాం కానీ ఒళ్ళు ఎప్పుడూ సన్నగా ఊగుతూనే ఉంటుంది, గాలి లేని రోజు కూడా కొబ్బరాకు కొస కదిలినట్టు. ఆ ఊగుని సరిదిద్దుకోవడానికి మెదడుకి మూడు చోట్ల నుంచి కబురు రావాలి: కళ్ళ నుంచి, లోపలి చెవి నుంచి, ఇక మూడోది అరికాళ్ళు, కీళ్ళు, కండరాల నుంచి. వెన్నెముకని ఆనుకుని మల్టీఫిడస్ అనే చిన్న చిన్న కండరాలుంటాయి, ఎంత వంగాం, ఎటు తిరిగాం అన్నది కనిపెట్టి చెప్పడంలో వాటిది పెద్ద పాత్ర. నడుం నొప్పి ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళలో ఈ కండరాలు సన్నబడటం స్కానింగుల్లో కనిపిస్తుంటుంది. పొట్ట లోపలి పొరలో ఉండే ట్రాన్స్‌వర్సస్ అనే కండరం సంగతి ఇంకా చిత్రం. మీరు చెయ్యి పైకెత్తబోతుంటే, చెయ్యి లేవకముందే అది బిగిసి నడుముని సిద్ధం చేస్తుంది. 1996లో ఆస్ట్రేలియాలో హాడ్జెస్, రిచర్డ్‌సన్ అనే ఇద్దరు పరిశోధకులు కొలిచి చూస్తే, నడుం నొప్పి ఉన్నవాళ్ళలో అది ఆలస్యంగా పనిలోకి దిగుతోందని తేలింది. అంటే కుదుపు ముందు వచ్చేస్తోంది, కాపలా తర్వాత వస్తోంది.

నడుము నుంచి వచ్చే కబురు సరిగ్గా అందకపోతే మెదడు చీలమండల మీద, పిక్కల మీద ఎక్కువగా ఆధారపడుతుంది. దాంతో నడుమూ తుంటీ బిగుసుకుపోయి, మనిషి మొత్తం పాదాల దగ్గర మాత్రమే కదిలే లాఠీ కర్రలా అయిపోతాడు. గట్టి నేల మీద, పగటి వెలుతురులో దీంతో ఇబ్బంది తెలియదు. పరుపు మీద నిలబడి కర్టెన్ తగిలించాలన్నా, చీకట్లో నడవాలన్నా, ఊగే బస్సులో నిలబడాలన్నా అప్పుడు తెలుస్తుంది. నడుం నొప్పి ఉన్న అందరూ ఇలాగే తూలతారని కాదు, కొందరిలో ఏ తేడా కనిపించదు. అందుకే ముందు పరీక్ష చేసుకోమంటాను.

ఇంకొక్క మాట. ఎమ్మారై రిపోర్టులో డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) ఉబ్బింది అని చదివినప్పటి నుంచి చాలామంది నడుముని గాజు బొమ్మలా చూసుకోవడం మొదలుపెడతారు, ఆ భయమే సగం బిగుతుకి కారణం. ఏ నొప్పీ లేనివాళ్ళ స్కానింగులు కలిపి చూసిన లెక్కలో 20 ఏళ్ళవాళ్ళలో 30 శాతం మందికి, 80 ఏళ్ళవాళ్ళలో 84 శాతం మందికి డిస్క్ ఉబ్బి ఉంది. నడుం నొప్పుల్లో 90 శాతం దాకా ఫలానా కారణం అని ఒక్కదాన్ని చూపించలేనివేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్తోంది. రిపోర్టుని పారెయ్యమని అనడం లేదు, దాన్ని చూసి నడుముని శిలలా చేసుకోవద్దంటున్నాను.

ఎవరు ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి

మూత్రం, మలం మీద పట్టు తప్పినా, మూత్రం రాకుండా ఆగిపోయినా, తొడల మధ్య మొద్దుబారినా, కాలు రోజురోజుకీ బలం తగ్గుతున్నా ఇది చదవడం ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి, అదే రోజు. జ్వరంతో కూడిన నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, ఇదివరకు క్యాన్సర్ వచ్చి ఉండటం, పడ్డాక మొదలైన నొప్పి, వీటికి కూడా ముందు డాక్టరే. లేచి నిలబడగానే కళ్ళు తిరిగేవాళ్ళు, తల తిప్పితే గది తిరిగినట్టు అనిపించేవాళ్ళు ఆ సంగతి ముందు తేల్చుకోండి, వాళ్ళది నడుము సమస్య కాకపోవచ్చు.

షుగర్ ఉన్నవాళ్ళు తప్పకుండా ఇది చూసుకోవాలి, మన ఊళ్ళో షుగర్ లేని ఇల్లు అరుదు కాబట్టి గట్టిగా చెప్తున్నాను. షుగర్ వల్ల అరికాళ్ళ నరాలు దెబ్బతింటే నేల మీద కాలు ఆనిందో లేదో సరిగ్గా తెలియదు, దూది మీద నడిచినట్టు ఉంటుంది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో బీ12 విటమిన్ తగ్గొచ్చు, మాంసం ముట్టనివాళ్ళలో కూడా తగ్గొచ్చు. బీ12 బాగా తగ్గితే కళ్ళు మూసుకుంటే నిలబడలేని పరిస్థితి రావచ్చు. మా అమ్మకి కూడా నడుం నొప్పే అనుకున్నాం, రక్త పరీక్షలో బీ12 తక్కువని తేలింది, ఇంజెక్షన్లు పడ్డాక నడక చాలా మెరుగైంది. కాబట్టి అరికాళ్ళు మొద్దుబారితే వ్యాయామం కంటే ముందు ఆ పరీక్ష చేయించుకోండి.

ముందు పరీక్ష

గది మూల ఎంచుకోండి. రెండు గోడలూ మీ వెనక ఉండాలి, ముందు ఒక బరువైన చెక్క కుర్చీ, దాని వీపు మీ వైపు. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, చెయ్యి వేస్తే జరుగుతుంది. చెప్పులు, సాక్సులు తీసెయ్యండి. నేల పొడిగా ఉండాలి, తాండూరు బండలైతే తడిగుడ్డ పెట్టిన వెంటనే అసలు వద్దు. ఇంట్లో ఇంకొకరు పక్కన ఉంటే మంచిది, వాళ్ళకి ఫోన్ ఇచ్చి మీ పాదాల నుంచి తల దాకా వీడియో తియ్యమనండి. ఇది సిగ్గుపడే విషయం కాదు, రెండు నెలల తర్వాత మీకే చూసుకోవాలనిపిస్తుంది.

మొదట రెండు పాదాలూ ఆనించి 10 సెకన్లు నిలబడండి. తర్వాత ఒక పాదాన్ని సగం ముందుకి జరిపి, దాని మడమ రెండో కాలి బొటనవేలి పక్కన ఉండేలా 10 సెకన్లు. తర్వాత ఒక కాలి మడమ రెండో కాలి వేళ్ళకి తగిలేలా ఒకే గీత మీద 10 సెకన్లు. చివరికి ఒంటికాలి మీద 10 సెకన్లు, రెండు వైపులా. పెద్దవాళ్ళు పడిపోయే ప్రమాదం ఎంతుందో అంచనా వెయ్యడానికి ఆసుపత్రుల్లో కూడా ఈ నాలుగు మెట్లే చేయిస్తారు. 60 దాటినవాళ్ళు మూడో మెట్టులో, అంటే ఒకే గీత మీద, 10 సెకన్లు ఆగలేకపోతే ఇంట్లో ఒంటరిగా ఈ సాధన మొదలుపెట్టకండి, ఫిజియో దగ్గర కొన్నాళ్ళు చేసి అప్పుడు ఇంటికి తెచ్చుకోండి.

ఈ నాలుగూ అయ్యాక మళ్ళీ మొదటి మెట్టుకి వచ్చి, చేతులు కుర్చీకి అర అడుగు దూరంలో ఉంచి, కళ్ళు మూసుకుని చూడండి. కళ్ళు తెరిచినప్పటికీ మూసినప్పటికీ తేడా ఎంతుందన్నది ముఖ్యం. సెకన్లు లెక్కపెట్టడంతో సరిపెట్టుకోకండి, వీడియోలో నాలుగు చూడండి: కాలివేళ్ళు ముడుచుకుంటున్నాయా, మోకాళ్ళు వెనక్కి తోసి తాళం వేసినట్టు ఉన్నాయా, భుజాలు చెవుల దాకా లేచాయా, ఊపిరి ఆగిందా. నేను 10 సెకన్లు నిలబడగలిగాను, పరీక్ష పాసయ్యాననుకున్నాను, కానీ వీడియోలో ఈ నాలుగూ ఉన్నాయి. ఏ తేదీన ఎన్ని సెకన్లు, కుడి ఎంత ఎడమ ఎంత, ఫోన్లో రాసిపెట్టుకోండి.

మొదటి వారం: ఊగడం నేర్చుకోండి

అందరూ దాటేసి ఒంటికాలి మీదికి పోయే భాగం ఇదే. దయచేసి దాటెయ్యకండి. వంటగట్టు ముందు నిలబడండి, పాదాలు తుంటి వెడల్పున, చేతులు గట్టు మీద తగిలీ తగలనట్టు. కాలివేళ్ళు ఒకసారి పైకెత్తి, విప్పి, మెల్లగా పరవండి. మోకాళ్ళ తాళం తియ్యండి, వంచనక్కర్లేదు, వదిలితే చాలు. ఇప్పుడు బరువుని నెమ్మదిగా మడమల మీదికి, అక్కడి నుంచి మునివేళ్ళ వైపుకి పోనివ్వండి. తర్వాత కుడికి, ఎడమకి. ఆ తర్వాత పాదం అంచు చుట్టూ గుండ్రంగా, తిరగలి తిప్పినట్టు. నడుముని ఆపి పెట్టకండి, అది ఎటు పోతే అటు పోనివ్వండి.

ఒక నిమిషం ఇలా చేసి, అరనిమిషం ఊరికే నిలబడి, మళ్ళీ చెయ్యండి. మూడుసార్లు చాలు. ఊపిరి ఆగకుండా ఉండటానికి నాకు దొరికిన మంచి ఉపాయం పైకి మాట్లాడటం: అంకెలు లెక్కపెట్టండి, నోటికొచ్చిన పద్యం చదవండి, విష్ణు సహస్రనామం వచ్చినవాళ్ళు అది చదవండి. మాట్లాడుతూ ఊపిరి బిగబట్టడం ఎవరి వల్లా కాదు. పొద్దున ఒకసారి, సాయంత్రం పొయ్యి మీద పాలు పొంగే లోపల ఒకసారి చేస్తే రోజుకి రెండుసార్లు అయిపోతుంది.

నాలుగో రోజో ఐదో రోజో ఒక మార్పు గమనిస్తారు. అరికాలి కింద బరువు ఎక్కడుందో ముందు తెలిసేది కాదు, ఇప్పుడు తెలుస్తుంది. నాకైతే ఎడమ మడమ మీద బరువే పడటం లేదని అప్పుడే తెలిసింది, ఆరేళ్ళుగా కుడి కాలి మీద నిలబడుతున్నాను!

నడుముకి తన జాడ తెలియజెయ్యడం

రెండో వారంలో దీన్ని కలపండి. చాప మీద వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, నడుము కింద ఉన్న ఖాళీని మెల్లగా నేలకి ఆనించండి, మళ్ళీ వదలండి. పది సార్లు. బలంగా నొక్కడం కాదు, ఎంత కదిలిందో కనిపెట్టడమే పని. తర్వాత చేతులు, మోకాళ్ళ మీద వంగి వీపుని పిల్లిలా పైకీ కిందికీ ఆరేడుసార్లు.

అసలు విలువైనది కర్రతో చేసేది. ఇల్లు తుడిచే మాప్ కర్ర తీసుకుని వీపు మీద నిలువుగా పట్టుకోండి. తల వెనక, భుజాల రెక్కల మధ్య, పిరుదుల మధ్య ఎముక దగ్గర, ఈ మూడు చోట్లా కర్ర తగలాలి. ఇప్పుడు కుర్చీలో కూర్చోబోతున్నట్టు తుంటి వెనక్కి పంపుతూ ముందుకి వంగండి, మూడు చోట్లా కర్ర వదలకూడదు. ఎక్కడ వదిలిందో అక్కడ మీ నడుము మీకు చెప్పకుండా వంగింది అన్నమాట. పదిసార్లు చేస్తే కర్ర లేకుండానే ఆ మూడు చోట్లూ తెలియడం మొదలవుతుంది. కింద పడిన తాళంచెవి తియ్యడానికి, వాషింగ్ మెషీన్లోంచి బట్టలు తియ్యడానికి రోజూ వంగేది ఇలాగే వంగితే ఈ వంగడానికి వేరే సాధన అక్కర్లేదు.

అడుగు ప్రదక్షిణ

గుళ్ళో పెద్దవాళ్ళు అడుగులో అడుగు వేసి ప్రదక్షిణ చెయ్యడం చూసే ఉంటారు. ఒక మడమ రెండో కాలి వేళ్ళకి తగిలేలా, తొందర లేకుండా. ఫిజియోలు చేయించే నడక కూడా సరిగ్గా అదే. వంటగట్టు పక్కన బండల మధ్య గీత ఒకటి చూసుకుని దాని మీద ఎనిమిది పది అడుగులు ముందుకి వెళ్ళండి. చూపు నేల మీద కాదు, ఎదురు గోడ మీద. తిరిగి వచ్చేటప్పుడు మామూలుగా నడిచి రండి. ఐదుసార్లు. అది కుదిరాక వెనక్కి నడవండి, వెనక్కి నడిచేటప్పుడు మాత్రం గట్టు మీద చెయ్యి ఉండాల్సిందే.

చిలుకూరు వెళ్ళేవాళ్ళు 11 ప్రదక్షిణలో, మొక్కు తీరితే 108 ప్రదక్షిణలో చేస్తారు కదా, నడుం నొప్పి ఉన్నవాళ్ళు అక్కడ అందరితోపాటు పరుగెత్తే బదులు రద్దీ లేని రోజు చూసుకుని, చివరి వరుసలో మెల్లగా నడవండి. జనం తోపులాటలో తిరగడం అన్నది ఈ సాధనలో చాలా చివరి మెట్టు.

ఒంటికాలి మీద

మూడో వారం. చిన్నప్పుడు తొక్కుడుబిళ్ళ ఆడినవాళ్ళకి ఇది ఒకప్పుడు లెక్కలోది కాదు. నేరుగా కాలు ఎత్తకండి. ముందు బరువంతా కుడి కాలి మీదికి తెచ్చుకుని, ఎడమ బొటనవేలు మాత్రం సైకిల్ స్టాండులా నేలకి ఆనించి ఉంచండి. తుంటి కుడి వైపుకి జారిపోకుండా, నడుము ఒక పక్కకి ఒరగకుండా ఉందో లేదో అద్దంలో చూడండి. అది పది సెకన్లు సులువైతే ఆ వేలు అంగుళం పైకి లేపండి, అంతే. మోకాలి దాకా ఎత్తాల్సిన పని లేదు.

10 సెకన్లు చొప్పున ఒక్కో వైపు ఐదుసార్లు. బలహీనంగా ఉన్న వైపు ముందు మొదలుపెట్టి, చివర్లో ఆ వైపే ఇంకొకసారి చెయ్యండి. పళ్ళు తోముకునేటప్పుడు చెయ్యమని చాలామంది చెప్తారు, మంచిదే, కానీ తడి బాత్రూంలో వద్దు, పొడిగా ఉన్న వాష్ బేసిన్ దగ్గర ఒక చెయ్యి బేసిన్ మీద ఉంచి చెయ్యండి. కొంచెం ఊగితే భయపడి బిగుసుకోవద్దు. చీలమండ అటూ ఇటూ కదలడం తప్పు కాదు, అది పని చేస్తోందని అర్థం. వేళ్ళు నేలని కరుచుకుంటే, ఊపిరి ఆగితే, అప్పుడు ఆపి మళ్ళీ సైకిల్ స్టాండు దగ్గరికి రండి. యోగా అలవాటున్నవాళ్ళు వృక్షాసనం చెయ్యొచ్చు, పాదాన్ని మోకాలి మీద నొక్కకుండా పిక్క మీద గానీ తొడ మీద గానీ పెట్టండి.

ఈ వారం నుంచే నాలుగు కాళ్ళ భంగిమ కూడా కలపండి. చేతులు, మోకాళ్ళ మీద ఉండి కుడి చెయ్యి ముందుకి, ఎడమ కాలు వెనక్కి చాపి ఎనిమిది పది సెకన్లు ఆగడం, తర్వాత రెండో వైపు. నడుం నొప్పి మీద ఏళ్ళ తరబడి పని చేసిన కెనడా ప్రొఫెసర్ స్టువర్ట్ మెక్‌గిల్ సిఫారసు చేసే మూడు వ్యాయామాల్లో ఇదొకటి. నడుము సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే దాని మీద ఒక ఖాళీ ప్లాస్టిక్ డబ్బా పెట్టుకోండి. మొదటి రోజు కాలు ఎత్తీ ఎత్తగానే నా డబ్బా ఎడమ వైపుకి దొర్లిపోయింది, కాలు నేల మీద జార్చుకుంటూ వెనక్కి పంపి, ఎత్తకుండా ఆపితే నిలిచింది. అక్కడి నుంచి ఎత్తడానికి నాకు పది రోజులు పట్టింది. ఒక్కో వైపు ఐదుసార్లు చాలు, అలిసిపోయేదాకా చెయ్యకండి.

మధ్యలో ఆటంకాలు పెట్టుకోండి

ఐదో వారానికి ఇవన్నీ సులువవుతాయి, అప్పుడు చాలామంది ఆపేస్తారు. కానీ ఇంట్లో గోడ చూస్తూ నిలబడటం వేరు, పిల్లాడు పరుగెత్తుకొచ్చి కాళ్ళకి చుట్టుకుంటే నిలబడటం వేరు. ఒకే గీత మీద నిలబడి తలని మెల్లగా కుడికీ ఎడమకీ తిప్పండి. చేతిని పక్కకి చాపి అందీ అందని షెల్ఫులో డబ్బా తియ్యండి. ఇంట్లో వాళ్ళని మెత్తటి బంతి విసరమనండి, ఒకసారి ఛాతీ వైపు, ఒకసారి పక్కకి, ముందే చెప్పకుండా. పాత బొంతని నాలుగు మడతలు వేసి దాని మీద రెండు పాదాలతో నిలబడండి, ఆ తర్వాత ఒకే గీత మీద. మొదటి రోజే దాని మీద ఒంటికాలు వద్దు. జిమ్‌లో ఉండే సగం బంతి లాంటి పరికరం మీదికి తొందరపడి ఎక్కకండి, దాని మీద నిలబడటం కోసం మళ్ళీ ఒళ్ళంతా బిగబట్టడమే నేర్చుకుంటారు.

మెదడుకి వేరే పని ఇవ్వడం కూడా మంచి ఆటంకం. ఒంటికాలి మీద నిలబడి పదిహేడో ఎక్కం చెప్పండి, లేదా వంద నుంచి ఏడేసి తగ్గిస్తూ వెనక్కి లెక్కపెట్టండి. నిలబడటం మీద ధ్యాస లేకపోయినా ఒళ్ళు తనంతట తాను సర్దుకోవాలి, బయట మనకి కావాల్సింది అదే కదా.

కళ్ళు మూసుకుని చేసేవి మాత్రం ఎప్పుడూ గది మూలలోనే, కుర్చీ ముందు ఉండగానే. రాత్రి బాత్రూం దారిలో చిన్న లైటు వెలుగుతూ ఉండాలి, కరెంటు పోయే వేసవిలో మంచం పక్కనే టార్చి. ఎంత సాధన చేసినా ఇది మానకండి, చీకట్లో పడటం వల్ల విరిగిన తుంటి ఎముకని ఏ వ్యాయామమూ బాగు చెయ్యదు.

నొప్పి వస్తే

వస్తుంది, కొద్దిగా. చేసేటప్పుడు పదికి మూడు ఉన్న నొప్పి నాలుగైతే ఫరవాలేదు. రెండు మెట్లకి మించి పెరిగినా, మర్నాడు పొద్దునకి తగ్గకపోయినా, సగానికి తగ్గించండి, మానెయ్యకండి. నొప్పి కాలిలోకి పాకుతూ కిందికి దిగుతుంటే ఆ వ్యాయామం ఆపి ఫిజియోని కలవండి. నడుం పట్టేసిన రోజు మొదటి వారం ఊగుడు మాత్రం చెయ్యండి, గట్టు పట్టుకుని, ఒక్క నిమిషం. నాకు మొదట్లో ఒకచోట నెల రోజులు మంచం దిగొద్దన్నారు, విన్నాను. నెల తర్వాత లేస్తే పిల్లాడు నడక నేర్చినట్టు నేర్చుకోవాల్సి వచ్చింది. దీర్ఘకాలం నడుం నొప్పికి పడుకోవడం మందు కాదని ఇప్పుడు డాక్టర్లందరూ చెప్తున్నారు. బెల్టు కూడా అంతే, బరువు మోసే పని ఉన్నప్పుడు గంటో రెండు గంటలో కట్టుకోండి కానీ పొద్దున కట్టి రాత్రి విప్పే అలవాటు వద్దు.

ఇంకోటి నిజాయితీగా చెప్పాలి. ఈ సాధనతో నిలకడ బాగుపడుతుంది, నొప్పి ఎంత తగ్గుతుందన్నది మనిషిని బట్టి ఉంటుంది. ఫలానా వ్యాయామమే మిగతా అన్నిటికంటే గొప్పదని రుజువు కాలేదు, మానకుండా చేసేదే పని చేస్తుంది. నాకు నొప్పి పూర్తిగా పోలేదు, కానీ పట్టెయ్యడం ఏడాదికి ఐదారుసార్ల నుంచి ఒకసారికి వచ్చింది, నాకు అది చాలా పెద్ద విషయం.

బయటికి

నడక తప్పకుండా కలపండి. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆస్ట్రేలియా నుంచి ఒక పరిశోధన వచ్చింది: నడుం నొప్పి తగ్గిన 701 మందిలో సగం మందికి ఫిజియోలు నడక అలవాటు చేయించారు, మెల్లగా పెంచుకుంటూ వారానికి ఐదు రోజులు అరగంట చొప్పున. నొప్పి తిరగబెట్టడానికి సగటున వాళ్ళకి 208 రోజులు పట్టింది, మిగతావాళ్ళకి 112 రోజులే. మొదట చదునైన చోట నడవండి. తర్వాత ఇందిరా పార్కు, కేబీఆర్ పార్కు లాంటి చోట్ల మట్టి బాట, ఎత్తుపల్లాలు. మన ఫుట్‌పాత్‌లు చివరికి ఉంచుకోండి, పైకి లేచిన రాళ్ళు, మూత లేని గుంతలు, వాటి మీద పెట్టిన బళ్ళు దాటుకుంటూ పోవడం నడుం బాగున్నవాళ్ళకే కష్టం. వానలో అసలు వద్దు. మెట్లు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు రెయిలింగు మీద చెయ్యి తగిలీ తగలనట్టు ఉంచండి.

మెట్రోలో సాధన చెయ్యాలంటే మధ్యాహ్నం పూట, ఖాళీ బండిలో. తలుపుకి దూరంగా, ప్రయాణించే దిక్కుకి పక్కగా తిరిగి, పాదాలు తుంటి కంటే కొంచెం వెడల్పుగా పెట్టి నిలబడండి. అరచెయ్యి కడ్డీ చుట్టూ ఉండాలి కానీ బిగించకూడదు. స్టేషన్ వస్తోందని చెప్పగానే కాలివేళ్ళు విప్పండి, మోకాళ్ళు వదలండి, ఊపిరి విడవండి. బ్రేకు పడ్డప్పుడు బరువు ఒక కాలి మీదికి వెళ్ళి, బండి ఆగాక దానంతట అదే తిరిగి వస్తుంది, మీరు దాన్ని ఆపాల్సిన పని లేదు. అమీర్‌పేటలో సాయంత్రం ఆరింటి రద్దీలో మాత్రం ఇదంతా పక్కన పెట్టి కడ్డీ గట్టిగా పట్టుకోండి, సీటు ఖాళీ అయితే కూర్చోండి.